కోలాటం జట్టు కోసం కాంట్రా నృత్యం కూర్చాను, పొరుగు జత మారడం లేదు: తప్పు ఎక్కడుంది?

తిరుచానూరు కోలాటం:

అందరికీ నమస్కారం. తిరుపతిలో మా వీధి స్త్రీలకు చాలా ఏళ్లుగా కోలాటం నేర్పుతున్నాను. బ్రహ్మోత్సవాల్లో వాహనసేవ ముందు ఆడే జట్లలో మాదీ ఒకటి. కిందటేడు అమెరికాలోని మాసచూసెట్స్‌లో మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలు ఉన్నప్పుడు, గ్రీన్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఒక పాత గ్రేంజ్ హాలుకు (రైతు సంఘం హాలు) వెళ్లి కాంట్రా అనే అక్కడి జానపద నృత్యం చూశాను, తరువాత ఆడాను కూడా. రెండు పొడవాటి వరుసలు ఎదురెదురుగా నిలబడడం, ఎవరి ఉద్ది (జతలోని రెండోవారు) వారికి ఎదుటి వరుసలో ఉండడం, ఒక్కో చుట్టు ముగిసేసరికి ప్రతి జతా వరుసలో ఒక స్థానం జరిగి కొత్త పొరుగు జతను కలుసుకోవడం నన్ను ఎంతగానో ఆకట్టుకున్నాయి. ఇంటికి వచ్చిన నాటి నుంచీ మా వాళ్ల కోసం అలాంటిదొకటి సొంతంగా కూర్చాలన్న కోరిక నన్ను వదలలేదు.

కర్రలు పక్కన పెట్టి, ఎనిమిది జతల కోసం ఈ నృత్యం రాశాను. అందరూ స్త్రీలే కాబట్టి ప్రతి జతలో ఒకరిని ఎడమవారు, ఒకరిని కుడివారు అని పిలుస్తున్నాను. సంగీతం 64 లెక్కలు, అంటే 16 లెక్కల చొప్పున నాలుగు భాగాలు. మొదటి భాగంలో పొరుగువారితో (పొరుగు జతలో తమ వరుసలోనే ఉన్నవారితో) 4 లెక్కలు ఊగి 12 లెక్కలు స్వింగ్ చేస్తారు, అంటే ఒకరినొకరు పట్టుకొని గిరగిరా తిరుగుతారు. రెండో భాగంలో రెండు జతల నలుగురూ చేతులు పట్టుకొని ఎడమవైపుగా ముప్పాతిక చుట్టు తిరిగి (8 లెక్కలు), ఉద్దితో స్వింగ్ చేస్తారు (8). మూడో భాగంలో వరుసలు ముందుకు వచ్చి వెనక్కు వెళతాయి (8), తరువాత కుడివారిద్దరూ మధ్యకు వచ్చి వీపు వీపుగా ఒకరినొకరు చుట్టి తమ చోటికి చేరతారు (8). నాలుగో భాగంలో మళ్లీ ఎడమవైపుగా ముప్పాతిక చుట్టు (8), చేతులు పట్టుకొనే ఊపు (4), నాలుగు చప్పట్లు (4).

కాగితం మీద లెక్క సరిపోయింది. ఆడించి చూస్తే మాత్రం, 64 లెక్కల చుట్టు ముగిశాక ప్రతివారికీ అదే పొరుగు జత ఎదురైంది. మూడుసార్లు ఆడించినా అంతే. రెండో ఇబ్బంది పిలుపులది. అక్కడి కాలర్ (కదలికల పేర్లు ముందుగా పిలిచి చెప్పేవారు) పిలిస్తే కాళ్లు వాటంతటవే కదిలేవి. నేను పిలిస్తే అందరూ ఆగి నా ముఖం చూస్తున్నారు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

అలిపిరి మెట్లు:

అమ్మా, మీ నృత్యంలో లోపమంతా చివరి నాలుగు లెక్కల్లోనే ఉంది. మిగిలినదంతా చక్కగా అతికింది. నేను తిరుపతిలో పుట్టి పెరిగి, బోస్టన్ పరిసరాల్లో తొమ్మిదేళ్లు ఉండి, అక్కడి హాళ్లలో వారం వారం కాంట్రా ఆడినవాణ్ణి. మీరు రాసినదాన్ని నాలుగు చింతగింజలతో బల్ల మీద నడిపి చూశాను. మీరూ అలాగే చేయండి: రెండు గింజలు ఒకవైపు అరగదీసి తెల్లగా చేస్తే అవి కుడివారు, నల్లగా ఉన్నవి ఎడమవారు. కొత్తగా కూర్చిన ప్రతి నృత్యాన్నీ మనుషుల చేత ఆడించే ముందు ఇలా నడిపి చూస్తే, హాలులో వాళ్ల ఓపికను పరీక్షించవలసిన అవసరం ఉండదు.

గింజలు ఏం చూపిస్తాయంటే, మొదటి స్వింగ్ ముగిసి అందరూ ఎదుటి వరుస వైపు తిరిగేసరికి, కుడివారు కుడిచేతి వైపే నిలవాలి కాబట్టి, సంగీతానికి దగ్గరగా ఉన్న ఎగువ జత దిగువకూ, దిగువ జత ఎగువకూ మారిపోతాయి. చూసేవారికి పని అప్పుడే అయిపోయినట్లు అనిపిస్తుంది. కానీ తరువాతి ముప్పాతిక చుట్టు ఉద్దులిద్దరినీ ఒకే పక్కకు తెస్తుంది, ఉద్దితో స్వింగ్ వారిని అక్కడే ఉంచుతుంది, మూడో భాగం ఎవరి చోటునూ మార్చదు. ఇక నాలుగో భాగంలోని రెండో ముప్పాతిక చుట్టు నలుగురినీ సరిగ్గా మొదలుపెట్టిన చోటికే చేరుస్తుంది. అక్కడ మీరు చప్పట్లు కొట్టించారు. ఆ నాలుగు లెక్కల్లో ఎదురుగా ఉన్న పొరుగువారి కుడి భుజం పక్కగా దాటి ముందుకు నడిపిస్తే చాలు. ఎగువ జత దిగువకు, దిగువ జత ఎగువకు వెళ్లి, దాటిన మరుక్షణమే కొత్త పొరుగువారి ముఖం కనిపిస్తుంది. దానికి ముందున్న ఊపు కూడా ఇప్పుడు అర్థవంతమవుతుంది, ఎందుకంటే చేతులు పట్టుకొని ముందుకు ఊగి వెనక్కు వచ్చిన శరీరం తానుగానే ముందుకు దాటాలనుకుంటుంది.

వరుస చివర్లను కూడా ఇప్పుడే చూసుకోండి. ఎనిమిది జతలుంటే మొదటి చుట్టు తరువాత ఎగువన ఒక జత, దిగువన ఒక జత ఖాళీగా మిగులుతాయి. వారు ఆ చుట్టంతా ఆగి, ఈలోగా తమలో తాము స్థానాలు మార్చుకొని లోపలి వైపు తిరిగి నిలబడాలి. మార్చుకోకపోతే తరువాతి చుట్టులో కుడివారు ఎడమన ఉంటారు, ఆ గందరగోళం ఒక్కో చుట్టుకూ ఒక్కో నలుగురికి పాకుతుంది. కొత్తవారితో ఆడించినప్పుడు నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే.

స్వింగ్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. అక్కడ కొత్తవారికి నేర్పేటప్పుడు అన్నిటికన్నా కష్టమయ్యేది ఒకరి బరువును మరొకరు మోస్తూ వెనక్కు వాలడం. మన ఆడపిల్లలకు అది పుట్టుకతో వచ్చిన విద్య: ఒప్పులకుప్ప తిరిగిన ప్రతివారికీ, ఎదుటివారి చేతులను నమ్మి వాలితేనే వేగం వస్తుందని తెలుసు. చీరల్లో, నడివయసులో, పరాయి పట్టు ఎందుకు? చేతులు కలిపి ఒప్పులకుప్పే తిప్పించండి, కానీ చివరి రెండు లెక్కల్లో వేగం తగ్గించి, చేతులు వదిలి, కుడివారు కుడిన ఉండేలా విప్పుకోవడం వేరుగా సాధన చేయించండి. ఉద్దితో మీరిచ్చిన 8 లెక్కలు కొత్తవారికి చాలవు, తిరగడం మొదలయ్యేసరికే ఆపవలసి వస్తుంది. వీలైతే మూడో భాగంలోని వీపుల చుట్టును తీసేసి, ఉద్దితో స్వింగ్‌ను 16 లెక్కలకు పెంచి, వరుసలను దాని తరువాతకు జరపండి.

చిత్తూరు కోపు:

తల్లీ, నేను కాంట్రా ఆడినవాణ్ణి కాను. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో కోలాటం, చెక్కభజన నేర్పుతూ జీవితం గడిపినవాణ్ణి. నడక గురించి పై మిత్రులు చెప్పిన తరువాత నేను చెప్పవలసింది లేదు. పిలుపు గురించి మాత్రం చెప్పగలను.

మీరు ఏమని పిలుస్తున్నారో రాయలేదు గానీ, "ఇప్పుడు మీ పొరుగువారితో నాలుగు లెక్కలు ఊగి తరువాత స్వింగ్ చేయండి" వంటి వాక్యమే అయి ఉంటుందని ఊహిస్తున్నాను. మన భాషలో క్రియ వాక్యం చివర వస్తుంది. వినేవారికి ఏం చేయాలో తెలిసేది ఆఖరి మాట చెవిన పడ్డాకే. అప్పటికి తాళం వారిని దాటి వెళ్లిపోయి ఉంటుంది. అందుకే వాళ్లు మీ ముఖం చూస్తున్నారు, వాళ్ల తప్పు ఏమీ లేదు. కోలాటంలో కోపు (అడుగుల వరుస) మార్చేటప్పుడు మనం వాక్యాలు చెప్పము కదా, కోపు పేరు ఒక్కటే అంటాము, అదీ పాటలో నడుస్తున్న పాదం ముగియకముందే అంటాము. ఇక్కడా అదే చేయండి. మొదట ఎవరు, వెంటనే ఏది, అంతే: "పొరుగు, ఊపు", "నలుగురు, ముప్పాతిక", "ఉద్ది, ఒప్పులకుప్ప". నడుస్తున్న కదలికలోని చివరి నాలుగు లెక్కల్లో ఆ రెండు మాటలూ పూర్తయిపోవాలి. అప్పుడు కొత్త కదలికలోని మొదటి లెక్క వారి కాళ్లది అవుతుంది, మీ నోటిది కాదు.

ఇంకొక చిక్కు ఉంది. మీ జట్టులో మీకన్నా పెద్దవాళ్లు ఉంటారు. "ఊగు", "తిరుగు" అని వారిని ఏకవచనంలో పిలవడానికి మీ నోరు రాదు, "ఊగండి", "తిరగండి" అంటే ప్రతి పిలుపూ సాగిపోతుంది. క్రియకు బదులు నామవాచకం వాడితే ఈ రెండు బాధలూ ఉండవు. ఊపు, చుట్టు, వరుసలు, దాటుడు: ఇవి పేర్లు మాత్రమే, ఆజ్ఞలు కావు, కాబట్టి డెబ్బై ఏళ్ల అవ్వను ఉద్దేశించి పిలిచినా మర్యాద తప్పదు. ఎడమవారు, కుడివారు అనే మాటలు కూడా మార్చుకుంటే మంచిదనిపిస్తోంది, ఎందుకంటే "ఎడమ చుట్టు" అని మీరు అన్నప్పుడు అది దిక్కో మనుషులో తెలియక తడబడతారు.

అలిపిరి మెట్లు:

గురువుగారూ, మీరు చెప్పినది అక్షరాలా నిజం. అక్కడి కాలర్లూ ముందు ఎవరు, తరువాత ఏది అన్న వరుసలోనే పిలుస్తారు. అక్కడ సంగీతం నిమిషానికి సుమారు 110 నుంచి 120 లెక్కల వేగంతో నడుస్తుంది, అంటే నాలుగు లెక్కలు రెండు సెకన్లే. అంతకు మించిన మాట పట్టదు. మరొక విషయం: సంగీతం మొదలుకాకముందే అందరి చేతా ఒకసారి నడిపిస్తారు, మొదటి కొన్ని చుట్లు పూర్తిగా పిలుస్తారు, ఆ తరువాత ఒక్కో మాటా తగ్గిస్తూ, చివరికి సంగీతానికే వదిలేసి మౌనంగా ఉంటారు. ఆ మౌనం దగ్గరే నృత్యం బాగా కూర్చారో లేదో తేలిపోతుంది: ఒక కదలిక తరువాతి కదలికను శరీరానికి గుర్తు చేయకపోతే పిలుపు ఆగిన మరుక్షణమే వరుస చెదురుతుంది.

మనుషుల పేర్ల గురించి: ఆడ, మగ అనే పిలుపులకు బదులు అక్కడ ఇప్పుడు చాలా హాళ్లలో లార్క్, రాబిన్ అనే రెండు పిట్టల పేర్లు వాడుతున్నారు. ఆ పేర్ల మొదటి అక్షరాలు ఇంగ్లీషులో ఎడమకూ కుడికీ గుర్తులు. మనకు ఎడమకు ఏనుగు, కుడికి కుందేలు సరిపోతాయేమో చూడండి.

ఆదితాళం:

తిరుపతిలో వయొలిన్ నేర్చుకుంటున్నాను, కాబట్టి పాట గురించి మాత్రం రాస్తాను. ఆదితాళం ఒక ఆవృతానికి ఎనిమిది లెక్కలు, కాబట్టి 64 లెక్కలంటే ఎనిమిది ఆవృతాలు, భాగానికి రెండేసి ఆవృతాలు. కాంట్రాకు వాయించే రీల్స్, జిగ్స్ అనే బాణీల్లో రెండు భాగాలుండి, ఒక్కొక్కటి రెండుసార్లు వస్తుంది. ఆ మలుపు వినగానే ఆడేవారికి తాము ఎక్కడున్నారో తెలుస్తుంది. మనం కోలాటానికి పాడే పాటల్లో పల్లవి ఒక పొడవు, చరణం ఇంకొక పొడవు ఉంటాయి, పైగా పాడేవారు భక్తితో పల్లవిని ఇష్టమొచ్చినన్ని సార్లు తిప్పుతారు. అలా పాడితే రెండో చుట్టుకే మీ నృత్యం పాటతో విడిపోతుంది. మాటలు లేకుండా, పల్లవి వరుసను రెండుసార్లు, చరణం వరుసను రెండుసార్లు, ప్రతిసారీ సరిగ్గా రెండు ఆవృతాలకు కుదించి హార్మోనియం, డోలక్ మీద వాయించమనండి.

తిరుచానూరు కోలాటం:

మీకందరికీ ఎన్ని నమస్కారాలు చెప్పినా తక్కువే. చింతగింజలతో నడిపాక నా తప్పు నాకే కళ్లకు కట్టింది. నిన్న సాయంత్రం మా మేడ మీద, కుడివారి వీపుల చుట్టు తీసేసి, ఉద్దితో 16 లెక్కల ఒప్పులకుప్ప పెట్టి ఆడించాను. ఇప్పుడు రెండో భాగంలో చుట్టు, వరుసలు పక్కపక్కనే రాకుండా ఇలా సర్దుకున్నాను: ముప్పాతిక చుట్టు తరువాత 8 లెక్కల పాటు ఉద్దితోనే వీపు వీపుగా చుట్టడం, మూడో భాగమంతా ఉద్దితో ఊపు, ఒప్పులకుప్ప. నాలుగో భాగానికి వరుసలు పెట్టాలంటే చుట్టుకూ ఊపుకూ దాటుడుకూ చోటు చాలలేదు, కాబట్టి వరుసలను వదిలేశాను. వరుసలు ముందుకు వచ్చినప్పుడు అందరి ముఖాలూ కనిపించేవి, అవి పోయినందుకు నాకు బాధగానే ఉంది. వేరే నృత్యం కూర్చి అందులో పెట్టుకుంటాను.

"నలుగురు, దాటుడు" అని పిలిచిన మొదటిసారి ఎనిమిది జతలూ దాటి, రెండు చివర్ల జతలు తప్ప అందరూ కొత్త ముఖాల ముందు నిలబడినప్పుడు మా వాళ్లు ఆట ఆపేసి అరిచారు. ఎగువ చివర జత మాత్రం రెండుసార్లు స్థానాలు మార్చుకోవడం మరిచిపోయింది, అందుకని ఆ చివర ఒక పెద్దావిడను గుర్తు చేయడానికే నిలబెట్టాను. ఏనుగు, కుందేలు అందరికీ నచ్చాయి, ఎవరు ఏనుగు అవుతారన్నదే ఇంకా తేలలేదు. ఐదో చుట్టు నుంచి పిలవడం ఆపి చూశాను. ఆరో చుట్టు నిలిచింది, ఏడో చుట్టులో మధ్య నలుగురు చెదిరారు.

నాలుగు భాగాలున్నాయి కాబట్టి దీనికి నాలుగు మాడవీధులు అని పేరు పెట్టాలనుకుంటున్నాను. ఇందులోని కదలికలన్నీ ఎన్నో నృత్యాల్లో ఉన్నవే గనుక ఇదే వరుసతో ముందే ఎవరైనా కూర్చి ఉంటే చెప్పండి, వారి పేరే చెప్పి ఆడిస్తాను. వచ్చే శనివారం ఏడు జతలే వస్తామన్నారు. ప్రతి చుట్టులోనూ ఒక జత ఖాళీగా నిలబడాలి కాబట్టి, వారికి తాళం వేసే పని అప్పగిస్తే స్థానాలు మార్చుకోవడం మళ్లీ మరిచిపోతారా అన్నది చూడాలి.