కంట్రోల్ వోల్టేజీని మూడు ఆసిలేటర్లకు పంచడానికి బఫర్ అవసరమా?

సుస్వర:
యూరోర్యాక్ (విడి మాడ్యూళ్లను కేబుళ్లతో కలిపి వాడే) సింథసైజర్‌లో కీబోర్డు నుంచి వచ్చే ఒకే వోల్టేజీని మూడు ఆసిలేటర్లకు (స్వరాన్ని పుట్టించే మాడ్యూళ్లకు) పంచాలనుకుంటున్నాను. జాక్‌లను తీగతో కలిపేస్తే చాలని కొందరు, ఆప్-యాంప్ బఫర్ (మూలంపై భారం పడకుండా అదే వోల్టేజీని ముందుకు అందించే సర్క్యూట్) లేనిదే శ్రుతి నిలవదని కొందరు అంటున్నారు. ఏది సరైనదో కారణంతో సహా వివరించగలరు.

వాహకం:
తీగ చాలునని నా అభిప్రాయం. వోల్టేజీనిచ్చే మాడ్యూల్‌లో 1 కిలో ఓమ్ రక్షణ రెసిస్టర్‌ను ఫీడ్‌బ్యాక్ లూప్ (అవుట్‌పుట్‌ను చూసి ఆప్-యాంప్ తనను తాను సరిదిద్దుకునే దారి) లోపల పెట్టి ఉంటే, మూడు ఇన్‌పుట్లు తగిలించినా వోల్టేజీ తగ్గదు. పైగా ప్రతి ఆప్-యాంప్ తన ఆఫ్‌సెట్‌ను (స్వల్ప వోల్టేజీ తేడాను) కలుపుతుంది. టీఎల్072 ఆప్-యాంప్ చిప్‌లో అది మామూలుగా 3 మిల్లీవోల్టులు, అంటే మూడున్నర సెంట్ల (సెంటు అంటే సెమీటోన్‌లో వందో వంతు) పైమాటే.

ఓమ్‌బాట:
వాహకం గారు చెప్పిన షరతు నిజమే గానీ, ఆ రెసిస్టర్‌ను లూప్ బయట పెట్టిన మాడ్యూళ్లూ చాలా ఉన్నాయి కనుక లెక్క వేసి చూడాలి. ఆక్టేవ్‌కు ఒక వోల్టు చొప్పున సెమీటోన్‌కు 83.3 మిల్లీవోల్టులు వస్తాయి. ఆసిలేటర్ ఇన్‌పుట్ సాధారణంగా 100 కిలో ఓములు. మూడింటిని ఒకే తీగకు కలిపితే అది 33.3 కిలో ఓములకు పడిపోయి, ఆ 1 కిలో ఓమ్ దగ్గరే దాదాపు 2.9 శాతం వోల్టేజీ పోతుంది. మూడు ఆక్టేవ్‌ల పైన 3 వోల్టులు అందవలసిన చోట 2.913 మాత్రమే అందుతుంది, అంటే ఒక సెమీటోన్‌కు మించి శ్రుతి దిగిపోతుంది. ఆఫ్‌సెట్ అన్ని స్వరాలనూ ఒకే మేరకు జరుపుతుంది కాబట్టి ట్యూనింగ్ నాబ్‌తో సరిపోతుంది. ఈ నష్టం మాత్రం స్వరం పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంది, ఒక కేబుల్ పీకగానే మారిపోతుంది కూడా. సంగీతం మధ్యలో ఇలా జరిగితే భరించడం కష్టం.

కట్టడమూ తేలికే. టీఎల్074 చిప్‌లోని నాలుగు ఆప్-యాంప్‌లలో మూడింటి ప్లస్ కాళ్లను ఇన్‌పుట్ జాక్‌కు కలిపి, అవుట్‌పుట్ వద్ద 1 కిలో ఓమ్ పెట్టి, ఫీడ్‌బ్యాక్‌ను జాక్ వైపు నుంచి మైనస్ కాలికి తీసుకోవాలి. కేబుల్ లేనప్పుడు ఇన్‌పుట్ సున్నా వద్ద నిలవడానికి గ్రౌండ్‌కు 1 మెగా ఓమ్ వేయాలి. అక్కడ 100 కిలో ఓములు వేస్తే ఒక శాతం నష్టాన్ని మళ్లీ మనమే కొనితెచ్చుకున్నట్టు.

వాహకం:
లెక్కతో ఏకీభవిస్తున్నాను, శ్రుతి వోల్టేజీకి బఫర్ కట్టుకోవడమే మేలు. అయితే ఎన్వలప్‌తో (కాలంతో పాటు పెరిగి తగ్గే వోల్టేజీతో) ఫిల్టర్‌ను కదిపేటప్పుడు మూడు శాతం తేడా చెవికి ఆనదు, గేట్‌లకైతే (స్వరం ఆన్, ఆఫ్ తెలిపే సంకేతాలకైతే) అసలే పట్టదు. అక్కడ నేను తీగతోనే పంచుతాను. రెండు అవుట్‌పుట్లను మాత్రం ఒకే జోడింపులో ఎన్నడూ గుచ్చకండి.