పేరడీ పాట నవ్వించాలంటే మూలం తెలిసి ఉండాలా?

పాతరేడియో:
‘ఫ్లైట్ ఆఫ్ ద కాంకార్డ్స్’ అనే హాస్య ధారావాహిక 2007 నుంచి 2009 వరకు హెచ్‌బీఓ అనే అమెరికా టీవీ ఛానెల్‌లో 22 భాగాలుగా వచ్చింది. బ్రెట్, జెమైన్ అనే ఇద్దరు పాటగాళ్లు న్యూజీలాండ్ నుంచి న్యూయార్క్ వచ్చి అవకాశాల కోసం తిరుగుతుంటారు. మాటల మధ్యలో ఉన్నట్టుండి పాటలోకి జారిపోతారు. చాలా పాటలు ఏదో ఒక గాయకుడికో, ఒక తరహా సంగీతానికో పేరడీలు. ఆ ఇంగ్లిషు పాటలు వింటూ పెరగనివాళ్లకు ఇందులో ఏమీ దొరకదని ఒక మిత్రుడు అన్నాడు. నేను ససేమిరా ఒప్పుకోను.

మొదటిసారి చూసేనాటికి నేను పెట్ షాప్ బాయ్స్ అనే ఇంగ్లిషు పాప్ జంట పేరు కూడా వినలేదు. వాళ్ల తరహాకు పేరడీ అయిన ‘ఇన్నర్ సిటీ ప్రెషర్’ పాటలో చేతిలో పైసా లేని మనిషి గదిలో నిలబడి ఉంటాడు. కూర్చుందామంటే కుర్చీ అమ్ముకున్నాడు. అందుకని అలా నిలబడే ఉంటాడు. ఆ గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు, వార్తలు చదివినట్టు పాడతారు. పగలబడి నవ్వాను, ఆ వెంటనే మనసు చివుక్కుమంది.

సంధ్యారాగం:
మీరు నవ్వింది హాస్యగీతానికండీ, పేరడీకి కాదు. దానికి మూలమైన పెట్ షాప్ బాయ్స్ పాట ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’ విన్నవారికే ఆ వార్తలు చదివే గొంతు ఎక్కడిదో తెలుస్తుంది. మహానగరం గురించి అంత బిగువుగా పాడిన గొంతుతో ఇక్కడ వాడేసిన లోదుస్తులు కొనుక్కోవాలా అని ఆలోచిస్తారు! జరుక్ శాస్త్రి పేరడీలను శ్రీశ్రీ నడక చెవిలో లేనివారికి చదివి వినిపించండి. మాటల గమ్మత్తు మిగులుతుంది, చురక పోతుంది.

మూడోవీధి:
ఎన్నికల ప్రచార వాహనాల మీద సినిమా బాణీకి కొత్త మాటలు కట్టి మోగిస్తారు. మూలం ఊరంతటికీ తెలుసు. అయినా వాటిని పేరడీలు అనం, అక్కడ బాణీ అరువు మాత్రమే. కాబట్టి మూలం తెలియడం ఒక్కటే గీటురాయి కాదు.

పాతరేడియో:
సంధ్యారాగం గారూ, చురక పోతుందన్నది నిజమే. ఇంగ్లిషు గాయకుడు డేవిడ్ బోవీ మీద వచ్చిన భాగమే తీసుకోండి. తన ఒంటి తీరు చూసుకుని కుంగిపోయిన బ్రెట్‌కు కలలో బోవీ వేషంలో జెమైన్ కనిపించి, కంటికి గంత కట్టుకోమని సలహా ఇస్తాడు. ఒక్కో కలలో ఒక్కో కాలపు బోవీ. ఆ వేషాలు తెలియకపోతే సగం నష్టపోతాం, ఒప్పుకుంటాను. కానీ దిగులుపడ్డ కుర్రాడు, కలలో వచ్చే అభిమాన గాయకుడు, ఆ పిచ్చి సలహా! అవి ఎవరికైనా అందుతాయి.

ఇంకో సంగతి. మొదటి విడత 12 భాగాల్లో చాలావరకు వాళ్లు అంతకుముందే వేదికల మీద పాడి పాడి రాటుదేల్చిన పాటలే. ఆ సరుకు అయిపోయాక రెండో విడత 10 భాగాలకు కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది. ఆ తేడా నా చెవికి స్పష్టంగా తెలుస్తుంది. జనం ముందు నిలిచిన పాటకు మూలం ఆసరా అంతగా అక్కర్లేదు.

సంధ్యారాగం:
మీ మాట పట్టుకుని నిన్న రాత్రి మా అమ్మకు ఆ పాట వినిపించి, అర్థం చెప్పాను. కుర్చీ దగ్గరకు రాగానే నవ్వేసింది. తర్వాత, “పాపం, ఎందుకలా చదువుతున్నట్టు పాడుతున్నారు?” అని అడిగింది. ఆ జవాబు కోసం ‘వెస్ట్ ఎండ్ గర్ల్స్’ కూడా పెట్టాల్సి వచ్చింది. అది పూర్తిగా విని, మళ్లీ మొదటి పాట పెట్టమంది.