ప్లాస్మాలో నార్‌ట్రిప్టిలిన్ రికవరీ ఎందుకు పడిపోతోంది?

ఎం.ఫార్మసీ ప్రాజెక్టు కోసం రక్త ప్లాస్మాలో డిప్రెషన్ మందు అమిట్రిప్టిలిన్‌ని, శరీరంలో దాని నుంచి ఏర్పడే మెటబొలైట్ నార్‌ట్రిప్టిలిన్‌ని హెచ్‌పీఎల్‌సీతో (ద్రావణంలోని పదార్థాలను కాలమ్‌లో విడదీసి కొలిచే పద్ధతి) కొలుస్తున్నాను. సీ18 కాలమ్, యూవీ 240 నానోమీటర్లు. చికిత్సలో రెండూ కలిపి మిల్లీలీటరుకు 80–200 నానోగ్రాములు ఉండాలంటారు కాబట్టి 20 దగ్గర కూడా నమ్మకమైన కొలత కావాలి.

స్టాండర్డ్ (ప్లాస్మా లేని, గాఢత తెలిసిన ద్రావణం) పీకులు చక్కగా వస్తున్నాయి, ట్రైఇథైలమీన్ కలిపాక టెయిలింగ్ (పీకు తోకలా సాగడం) కూడా తగ్గింది. ఇబ్బందంతా ప్లాస్మాతోనే. పీహెచ్ పెంచి హెక్సేన్‌తో ఎక్స్‌ట్రాక్షన్ చేస్తే (మందును ప్లాస్మా నుంచి హెక్సేన్‌లోకి లాగితే) అమిట్రిప్టిలిన్ బాగానే వస్తోంది, నార్‌ట్రిప్టిలిన్ మాత్రం సగం కూడా రావడం లేదు. పైగా రోజుకో రకంగా ఉంటోంది. అది సెకండరీ అమీన్ కదా, గాజుకు అంటుకుంటోందేమో అని నా అనుమానం.

హెక్సేన్‌లో కొద్దిగా ఐసోఅమైల్ ఆల్కహాల్ కలిపితే సరిపోతుందా? లేక పాలీప్రొపిలీన్ ట్యూబులకు మారాలా? మాస్ స్పెక్ట్రోమీటర్ మాకు అందుబాటులో లేదు. రోగుల శాంపిళ్లు మొదలయ్యేలోపు ఇది తేలాలి, తప్పు అంకె చూసి డోసు పెంచితే గుండెకే ప్రమాదం. ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.