ప్రింట్ మాన్యువల్‌లో అధ్యాయాల మధ్య ఖాళీ పేజీలు: ఉంచాలా, తీసేయాలా?

పాలలెక్క (చిత్తూరు)
మాది చిత్తూరులో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. పాల సేకరణ కేంద్రాలకు ఒక ప్రోగ్రామ్ చేశాం. రైతు కోడ్, లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థం) కొడితే రేటు కట్టి చీటీ ఇస్తుంది, పదిహేను రోజులకోసారి బిల్లులు తీస్తుంది. దానికి తెలుగులో మాన్యువల్ తయారైంది. ఏ4 సైజు, 16 అధ్యాయాలు, 188 పేజీలు, రెండు వైపులా ప్రింట్, స్పైరల్ బైండింగ్, 300 కాపీలు. తిరుపతిలో వేయిద్దామనుకుంటున్నాం. ప్రతి అధ్యాయం కుడి పేజీలోనే మొదలయ్యేట్టు పెట్టాను కాబట్టి మధ్యమధ్యలో 9 ఖాళీ పేజీలు వచ్చాయి. మా పార్ట్‌నర్ చూసి "తెల్ల కాగితానికి డబ్బులు కట్టేదేంది, తీసేయ్" అంటున్నాడు. ఆయనకు ఖర్చు బాధ, నాకు పుస్తకం పద్ధతిగా ఉండాలని. మీరైతే ఏం చేస్తారు? ఊరికే "మీ ఇష్టం" అనకండి, కారణం చెప్పండి.

కాగితం_దండగ
తీసేయండి. మాన్యువల్‌ను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేవాడు ఎవడున్నాడు? బిల్లు రాకపోతే ఆ పేజీ తెరుస్తాడు, చూస్తాడు, మూసేస్తాడు. అధ్యాయం కుడి పక్క మొదలైందా ఎడమ పక్కా అన్నది వాడికి అక్కర్లేదు. పైగా సగం మంది ఫోన్లో పీడీఎఫ్ చూసేవాళ్ళే, ఫోన్లో కుడీ ఎడమా ఎక్కడుంటాయి? 9 పేజీలు ఇంటూ 300 కాపీలు, 2,700 తెల్ల పేజీలు. మీ పార్ట్‌నర్ చెప్పిందే రైటు.

డీటీపీ_సామి (తిరుపతి)
2,700 అని చెప్పి భయపెడితే ఎట్లా? కాగితానికి రెండు ముఖాలు కదా. 9 పేజీలంటే నాలుగున్నర కాగితాలు. 300 కాపీలకు 1,350 షీట్లు, రీముకు 500 చొప్పున మూడు రీములు కూడా కావు. రేపు కాపీలు పెరిగి ఆఫ్‌సెట్‌కు పోతే అదీ మిగలదు. అక్కడ పెద్ద కాగితం మీద 16 పేజీలు కలిపి వేస్తారు, దాన్నే ఫారం అంటారు, ఆ లెక్క వేసుకోండి. 188 పేజీలకు 12 ఫారాలు, అంటే 192 పేజీలు. 9 తీస్తే 179, కానీ 11 ఫారాలు 176 దగ్గరే ఆగిపోతాయి. ఆ మూడు పేజీల కోసం ఇంకో ముక్క ఫారం వేయాల్సిందే. మధ్యలో తీసిన తెలుపు కొంత చివర్లో తేలుతుంది, అంతే.

ఖర్చు సంగతి అట్లుంచండి, అసలు గొడవ మార్జిన్‌ది. స్పైరల్ రంధ్రాలు పడాలి కాబట్టి లోపలి వైపు మార్జిన్ ఎక్కువ పెట్టి ఉంటారు. కుడి పేజీకి లోపలంటే ఎడమ వైపు, ఎడమ పేజీకి కుడి వైపు. తయారైన పీడీఎఫ్‌లోంచి ఒక ఖాళీ పేజీ లాగేస్తే దాని తర్వాతి పేజీలన్నీ పక్కలు మారిపోతాయి, వెడల్పు మార్జిన్ బయటికి పోయి అక్షరాలు రంధ్రాల్లోకి వస్తాయి. రెండో ఖాళీ పేజీ కూడా తీస్తే మళ్ళీ సరవుతుంది, మూడోది తీస్తే మళ్ళీ తిరగబడుతుంది. మీవి తొమ్మిది, బేసి సంఖ్య, కాబట్టి తొమ్మిదీ తీశాక చివరి అధ్యాయాలు తిరగబడే మిగులుతాయి. పైగా 47 తర్వాత 49 అని నెంబరు కనిపిస్తుంది, చూసినవాళ్ళు పేజీ ఎగిరిపోయిందనుకుంటారు. నేను ఖాళీ పేజీలు ఉంచమనే చెబుతాను. ఒకవేళ తీసినా మూల ఫైల్లోనే తీయాలి, పీడీఎఫ్‌లో మాత్రం చెయ్యి పెట్టకూడదు.

కాగితం_దండగ
నేనూ మూల ఫైల్లోనే తీయమంటున్నా సామీ. అధ్యాయం ఏ పక్క వస్తే ఆ పక్కే మొదలుపెట్టమని ఒక్క సెట్టింగ్ మారిస్తే మార్జిన్లు, నెంబర్లు, విషయసూచిక అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. అప్పుడు మీ రంధ్రాల గొడవ లేదు. ఇంక కుడి పేజీకి మిగిలిన కారణం ఏంది, అలవాటు తప్ప?

థీసిస్_టెన్షన్ (ఎస్వీయూ)
లేటెక్‌లో (మేం థీసిస్‌లు పేజీ కట్టే సాఫ్ట్‌వేర్) ఈ తగువును ఎప్పుడో రెండుగా పంచేశారు. అందులో క్లాస్ అంటే తయారు నమూనా. బుక్ క్లాస్ తీసుకుంటే ఓపెన్‌రైట్, అధ్యాయం కుడి పేజీలోనే. రిపోర్ట్ క్లాస్ తీసుకుంటే ఓపెన్‌ఎనీ, ఏ పేజీ అయినా సరే. మనం ఏమీ చెప్పకపోతే అవి తీసుకునే పద్ధతి అది. మీ మాన్యువల్ పుస్తకమా, రిపోర్టా? నా ఓటు రిపోర్టుకే. బుక్ క్లాస్‌లో ఇంకో తలనొప్పి ఉంది. ఖాళీ పేజీ నిజంగా ఖాళీగా రాదు, పైన పాత అధ్యాయం పేరు, పేజీ నెంబరు వచ్చి కూర్చుంటాయి. ఎంప్టీపేజ్ అనే ప్యాకేజీ పెడితే పోతాయి. మా సీనియర్ ఒకాయన అది పెట్టకుండా థీసిస్ ప్రింట్ తీయించి, హెడ్డింగ్ ఉండి మ్యాటర్ లేని పేజీలు చూసి రాత్రంతా ఫైలు తిరగేశాడు.

పాలలెక్క (చిత్తూరు)
మేం లిబ్రే ఆఫీస్ రైటర్‌లో చేశాం. సామి అన్న చెప్పిన మార్జిన్ సంగతి ఇప్పుడు అర్థమైంది, ఎందుకంటే ఒక షాపులో సాంపిల్ కాపీ తీయిస్తే నాలుగో అధ్యాయం అంతా అక్షరాల మీదే రంధ్రాలు పడి వచ్చాయి, ఐదో అధ్యాయం శుభ్రంగా ఉంది, ఆరోది మళ్ళీ పాడు. ఫైలు చూస్తే బాగానే ఉంది. ఏం జరిగి ఉంటుంది?

జిరాక్స్_బాలాజీకాలనీ
రెండు చోట్ల పోతుందన్నా అది. ఒకటి మీ దగ్గరే. రైటర్‌లో పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, ఆటోమేటిక్‌గా చేరిన ఖాళీ పేజీలను కూడా ఎక్స్‌పోర్ట్ చేయమని ఒక టిక్ ఉంటుంది. అది లేకపోతే పీడీఎఫ్‌లో ఆ పేజీలే రావు. ప్రింట్ డైలాగ్‌లోనూ అట్లాంటిదే ఒకటి ఉంది, రెండూ వేరువేరు, ఒకటి పెట్టి రెండోది మరిచిపోతే పని కాదు. పీడీఎఫ్‌లో 188 పేజీలు ఉన్నాయా 179 ఉన్నాయా చూసుకోండి, తేలిపోతుంది.

188 ఉంటే తప్పు షాపులో జరిగింది. చాలా ప్రింటర్ డ్రైవర్లలో స్కిప్ బ్లాంక్ పేజ్ అని ఉంటుంది, దాన్ని ఎవరో ఆన్ చేసి వదిలేసి ఉంటారు. మా దగ్గర కోచింగ్ సెంటర్ల మెటీరియల్ ఎక్కువ, పిల్లలు తెచ్చే పీడీఎఫ్‌లలో ఊరికే వచ్చిన తెల్ల పేజీలు బోలెడు, అవి తీసేయమని వాళ్ళే అడుగుతారు. అదే సెట్టింగ్‌తో మీ ఫైలు కొడితే ఇట్లాగే అవుతుంది. షాపువాడికి మీ ఖాళీ పేజీ కావాలని పెట్టిందో పొరపాటున వచ్చిందో ఎట్లా తెలుస్తుంది? అందుకే ఆ పేజీ మీద ఏదో ఒక ముక్క ఉండాలి. ఒక్క లైను అచ్చు ఉన్నా మిషన్ దాన్ని వదిలిపెట్టదు.

పాలలెక్క (చిత్తూరు)
చూశాను, 188 ఉన్నాయి. షాపులోనే పోయాయి.

ట్రైనింగ్_అక్క (పలమనేరు)
ఇంతసేపూ మిషన్ గురించే మాట్లాడారు, చదివేవాళ్ళ గురించి కూడా కాస్త చూడండి. నేను పల్లెల్లో ఇట్లాంటి సాఫ్ట్‌వేర్లే నేర్పిస్తాను. సెంటర్‌లో పొద్దున ఐదున్నరకు కరెంటు బల్బు కింద క్యాన్ల మధ్య పుస్తకం తెరిచి చూసే పిల్లోడికి మధ్యలో తెల్ల పేజీ వస్తే వెంటనే ఫోన్ చేస్తాడు, "మేడమ్, మా పుస్తకంలో పేజీ అచ్చు పడలేదు, వేరే కాపీ పంపండి" అని. వాడి అనుమానం న్యాయమే, ముందు పేజీలో బిల్లు సరిచేసే పద్ధతి సగంలో ఉందేమో అనుకుంటాడు. కాబట్టి ఉంచేటట్టయితే "ఈ పేజీ కావాలనే ఖాళీగా వదిలాం. తర్వాతి అధ్యాయం ఎదుటి పేజీలో" అని పేజీ మధ్యలో రాయండి. రెండో వాక్యమే ముఖ్యం, అది ఉంటే ఫోన్ రాదు.

అధ్యాయం కుడి పక్క మొదలవడం వట్టి అలవాటు అన్నారు కదా పైన ఒకాయన. నేను క్లాసులో "ఏడో అధ్యాయం తీయండి" అంటే వాళ్ళు పుస్తకం అంచు పట్టుకుని బొటనవేలితో పేజీలు జార్చి చూస్తారు. అట్లా జార్చేటప్పుడు కంటికి తగిలేవి కుడి పేజీలే. హెడ్డింగ్ ఎడమ పక్క పడితే దాటేసి పోతారు, మళ్ళీ వెనక్కి వస్తారు. రంగు ట్యాబులు అంటించినా కాగితం అంచుకు అంటించేది కుడి పేజీ మీదే కదా.

కాగితం_దండగ
ట్యాబు పాయింట్ ఒప్పుకుంటా అక్కా. ఆ వాక్యం మాత్రం ఒప్పుకోను. తొమ్మిది చోట్ల అదే సంజాయిషీ ఎందుకు? కాగితం ఎట్లాగూ పెడుతున్నారు కాబట్టి గీతలు గీసి "నోట్స్" అని పెట్టండి, పనికొస్తుంది. సెంటర్ కోడ్, వెటర్నరీ డాక్టర్ నెంబరు, ఏదో రాసుకుంటారు.

ట్రైనింగ్_అక్క (పలమనేరు)
రాసుకుంటారు, నిజమే. కానీ ఖాళీ ఎక్కడ వస్తుందో మన చేతిలో లేదు. మూడో అధ్యాయానికి నోట్స్ పేజీ ఉంటుంది, ఎక్కువ రాసుకోవాల్సిన రేటు చార్టు అధ్యాయానికి ఉండదు. 16లో 9కే ఉంటే మిగతా ఏడింటికి ఎందుకు లేదని అడుగుతారు. నోట్స్ కావాలంటే పుస్తకం చివర్లో నాలుగు పేజీలు వరసగా ఇవ్వండి.

థీసిస్_టెన్షన్ (ఎస్వీయూ)
అక్క చెప్పిన వాక్యం రైటర్‌లో ఎట్లా పెడతారు? దానంతటది చేర్చే ఖాళీ పేజీలో మనం ఏమీ టైప్ చేయలేం, కర్సరే పోదు. వర్డ్‌లో ఆడ్ పేజ్ సెక్షన్ బ్రేక్ పెట్టినా అంతే, ప్రింట్‌లో ఖాళీ వస్తుంది కానీ దాని మీద రాయడానికి లేదు. లేటెక్‌లో కుదురుతుంది. సీఎస్ఎస్‌తో (వెబ్ పేజీల రూపు దిద్దే భాష) ప్రింట్ తీసేవాళ్ళకు బ్లాంక్ అనే పేజీ సెలెక్టర్ ప్రత్యేకంగా ఉంది. ఎక్స్ఎస్ఎల్-ఎఫ్ఓ అనే పేజీలు కట్టే భాషలో ఖాళీ పేజీకి వేరే మాస్టర్ (పేజీ నమూనా) పెట్టే ఏర్పాటు 2001 నాటి మొదటి ప్రమాణంలోనే ఉంది.

డీటీపీ_సామి (తిరుపతి)
రైటర్‌లో అయితే అంతా ఫైనల్ అయ్యాక ఆ తొమ్మిది చోట్లా చేత్తో మామూలు పేజీ పెట్టి లైను రాసుకోవాలి. కానీ తర్వాత ఎక్కడో ఒక స్క్రీన్‌షాట్ పెంచి ఒక పేజీ జరిగిందంటే, చేత్తో పెట్టిన పేజీ అట్లాగే ఉండి, దాని పక్కన ఆటోమేటిక్‌ది ఇంకోటి చేరి, వరసగా రెండు తెల్ల పేజీలు వస్తాయి. కాబట్టి ప్రూఫ్ దిద్దడం అయిపోయాకే పెట్టండి. లేదంటే పీడీఎఫ్ తీశాక ఆ పేజీల మీద మాత్రం లైను స్టాంప్ చేయించండి, అది పేజీల లెక్క మార్చదు.

పాతకాలం_ప్రోగ్రామర్
మీరంతా పిల్లలు, అసలు కారణం ఎవరూ చెప్పలేదు. మాన్యువల్ మారుతుంది, మిగతా పుస్తకాలు అంతగా మారవు. మెయిన్‌ఫ్రేమ్ రోజుల్లో ఐబీఎం వాళ్ళ మాన్యువల్స్ రింగ్ ఫైళ్ళలో ఉండేవి. మార్పు వస్తే పుస్తకం మొత్తం మళ్ళీ అచ్చు వేయకుండా టెక్నికల్ న్యూస్‌లెటర్ పేరుతో మారిన పేజీలు మాత్రం పంపేవాళ్ళు, పాతవి తీసి కొత్తవి పెట్టుకోవడమే. అధ్యాయం ఎప్పుడూ కొత్త కాగితం మీద మొదలైతేనే ఆ అధ్యాయం కాగితాలు లాగి కొత్తవి దూర్చగలం. ఒకే కాగితానికి ముందు వైపు నాలుగో అధ్యాయం చివర, వెనక వైపు ఐదో అధ్యాయం మొదలు ఉంటే, ఐదు మారినప్పుడల్లా నాలుగు కూడా మార్చాలి.

మీ రేటు చార్టు అధ్యాయం ఎన్నాళ్ళు నిలుస్తుంది? డెయిరీ వాళ్ళు లెక్క మార్చగానే అది పాతబడిపోతుంది. అందుకని స్పైరల్ వద్దు, రింగ్ ఫైలు పెట్టండి, పేజీ నెంబర్లు కూడా అధ్యాయం లెక్కన 5-1, 5-2 అని వేయండి. అప్పుడు ఐదో అధ్యాయం రెండు పేజీలు పెరిగినా ఆరో అధ్యాయం నెంబర్లు కదలవు.

కాగితం_దండగ
రింగ్ ఫైలు రేటు స్పైరల్ కంటే ఎక్కువ కదండీ, ఖర్చు తగ్గించమని వస్తే పెంచి పంపిస్తున్నారే.

పాతకాలం_ప్రోగ్రామర్
300 కాపీలు మళ్ళీ అచ్చు వేయించే ఖర్చు కూడా పక్కన రాసుకుని చూడండి.

ట్రైనింగ్_అక్క (పలమనేరు)
5-12 లాంటి నెంబర్లు మొదట్లో అయోమయంగా ఉంటాయి, "ఐదు నుంచి పన్నెండు దాకానా మేడమ్" అని అడుగుతారు. ఒక క్లాసులో అలవాటైపోతుంది. నాకు అందులో ఇంకో లాభం కనిపిస్తోంది. ఫోన్లో చూసే పీడీఎఫ్‌కు ఖాళీ పేజీలు తీసేసినా, అది 5-12, పుస్తకంలోనూ 5-12. మామూలు నెంబర్లయితే ఖాళీలు తీసిన ఫైల్లో 87 అన్నది పుస్తకంలో 91 అవుతుంది, సపోర్ట్‌కు ఫోన్ చేసినప్పుడు ఇద్దరూ వేరే వేరే పేజీలు చూస్తూ అరుచుకోవాలి.

పాలలెక్క (చిత్తూరు)
మా పార్ట్‌నర్‌కు ఇదంతా చదివి వినిపించాను. మూడు రీముల లెక్క విన్నాక ఖర్చు గురించి మెత్తబడ్డాడు, రింగ్ ఫైలు మాత్రం ఇప్పుడే వద్దంటున్నాడు. అచ్చుకు ఖాళీ పేజీలు ఉంచుతున్నాం, అక్క చెప్పిన రెండు వాక్యాలూ స్టాంప్ చేయిస్తాం, నెంబర్లు అధ్యాయం లెక్కన. ఫోన్ ఫైల్లో ఖాళీలు ఉండవు. రేటు చార్టు అధ్యాయం పుస్తకంలోంచి తీసి విడిగా సెంటర్ పిన్నింగ్ (కాగితాలు మధ్యకు మడిచి మడత మీద పిన్నులు కొట్టడం) చేయిద్దామా అని ఆలోచిస్తున్నాం. బాలాజీకాలనీ అన్నా, అది 10 పేజీలు, కుదురుతుందా?

జిరాక్స్_బాలాజీకాలనీ
సెంటర్ పిన్నింగ్‌కు నాలుగు చొప్పున రావాలి అన్నా. 10 అయితే 12 చేయాలి, రెండు ఖాళీ పేజీలు వస్తాయి.

కాగితం_దండగ
అయిపోయింది, మళ్ళీ మొదటికొచ్చారు. ఆ రెండు పేజీల్లో అయినా నోట్స్ పెట్టండయ్యా.