తలకు దెబ్బ తగిలాక ఫిట్స్ మొదలయ్యాయి: ఆయన కోపం దెబ్బదా, మందుదా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. తొమ్మిది నెలల కిందట మావారు బండి మీద నుంచి పడ్డారు, తలకు గట్టి దెబ్బ తగిలింది. మెదడు పైపొరలో రక్తం గడ్డకడితే ఆపరేషన్ చేసి తీశారు. నడక వచ్చింది, మాట వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "బాగానే ఉన్నాడుగా" అని వెళ్లిపోతున్నారు. అయిదో నెలలో మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. ఇప్పటికి నాలుగుసార్లు. లెవిటిరాసెటమ్ మాత్రలు వాడుతున్నారు. మూడోసారి వచ్చాక డోసు పెంచారు.

ఫిట్స్ వచ్చినప్పుడు నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. మొన్న ఆయన చేతులు గట్టిగా అదిమి పట్టుకున్నాను, నాలుక కరుచుకుంటారేమోనని నోట్లో చెంచా పెట్టబోయాను. దానికి తోడు ఆయన కోపం. గ్లాసు కింద పెట్టిన చప్పుడుకి కూడా అరుస్తున్నారు. పెళ్లయిన పన్నెండేళ్లలో నా మీద ఒక్కసారి గొంతు పెంచని మనిషి. ఇక రాత్రి ఆయన పక్క మీద కదిలితే చాలు, లేచి కూర్చుంటున్నాను. వచ్చే నెల నేను ఉద్యోగంలో చేరాలి. ఆయన్ని ఒంటరిగా వదిలి వెళ్లొచ్చా? ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు: పదకొండేళ్లుగా భర్తను చూసుకుంటున్న సభ్యురాలు

చెల్లీ, ముందు ఆ చెంచా సంగతి తేల్చేద్దాం. నోట్లో ఏమీ పెట్టొద్దు. చెంచా వద్దు, గుడ్డ వద్దు, నీ వేలు అసలే వద్దు. నాలుక కొరుక్కుంటే పుండు పడుతుంది, మానుతుంది. మనిషి తన నాలుక తాను మింగేయడం జరగదు. పన్ను విరిగి గొంతులో పడితే మాత్రం అది ప్రాణం మీదికొస్తుంది. చేతులు అదిమి పట్టుకోవడం కూడా మానేయి. పట్టుకున్నంత మాత్రాన ఫిట్స్ ఆగవు, భుజం జారే ప్రమాదం ఉంది.

నువ్వు చేయాల్సిన మొదటి పని గడియారం చూడటం. తర్వాత తల కింద మెత్తగా ఏదైనా పెట్టు, మెడ దగ్గర గుండీ విప్పు, కళ్లజోడు తీసెయ్యి, తగిలే వస్తువులు పక్కకు జరుపు. కొట్టుకోవడం తగ్గగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టు, నోట్లో చేరిన నురగ బయటికి కారిపోతుంది. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు కూడా పట్టొద్దు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా, ఆగాక ఊపిరి సరిగా ఆడకపోయినా, మళ్లీ తలకు దెబ్బ తగిలినా ఇక ఆలోచించకుండా అంబులెన్స్ పిలువు.

గడియారం ఎందుకంటే, మొదటిసారి వచ్చినప్పుడు అరగంట కొట్టుకున్నారని డాక్టరుకి చెప్పాను. నాకు నిజంగా అలాగే అనిపించింది. రెండోసారి చూస్తే ఒక నిమిషం నలభై సెకన్లు. ఆ అంకె చూశాక నా చేతులు వణకడం తగ్గింది.

ఇప్పుడు కోపం. దీనికి కారణం ఒకటే అయి ఉండాలని లేదు. మెదడు ముందుభాగానికి దెబ్బ తగిలితే కోపాన్ని పట్టి ఆపే శక్తే తగ్గిపోతుంది. ఫిట్స్ వచ్చిపోయాక కొన్ని గంటలు, ఒక్కోసారి రెండు మూడు రోజులు మనిషి చిరాగ్గా, అయోమయంగా ఉంటాడు. మూడోది, మీరు వాడే మందు. లెవిటిరాసెటమ్ ఫిట్స్‌కి మంచి మందే, కానీ కొంతమందికి చిరాకు, కోపం, దిగులు తెస్తుంది. కొద్దిమందిలో చచ్చిపోవాలన్న ఆలోచన దాకా వెళుతుంది. మూడింటినీ కలిపి "ఈయన మారిపోయాడు" అనుకుంటూ నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను. నువ్వు పోగొట్టుకోవద్దు.

ఒక నోటుబుక్కు పెట్టు. ఫిట్స్ ఏ తేదీన, ఎన్ని నిమిషాలు, ముందురోజు ఎన్ని గంటలు నిద్రపోయాడు, మాత్ర ఏ వేళకు వేసుకున్నాడు, కోపం ఏ పూట వచ్చింది, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది. అంతే. నీ అభిప్రాయాలు రాయొద్దు, జరిగింది రాయి. డోసు పెంచిన తేదీ పక్కన కోపం తేదీలు పెట్టి చూడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. కోపం మందు వల్లే అని తేలినా, నీ అంతట నువ్వు మాత్ర ఆపకు, తగ్గించకు. ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు

అక్కా, పాత చీటీలన్నీ తీసి చూశాను. డోసు పెంచిన రెండో వారం నుంచే అరుపులు మొదలయ్యాయి. అంతకుముందు మౌనంగా ఉండేవారు కానీ కోపం లేదు. సాయంత్రాలు ఎక్కువ. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. అప్పుడప్పుడు నేను మాట్లాడుతుండగా ఉన్నట్టుండి చూపు నిలిచిపోతుంది. చొక్కా గుండీని వేళ్లతో నలుపుతూ, పెదాలు చప్పరిస్తూ ఉంటారు. ఒక నిమిషం తర్వాత "ఏంటి?" అంటారు. నా మాటంటే లెక్కలేదనుకుని రెండుసార్లు పోట్లాడాను కూడా.

జవాబు: న్యూరో వార్డులో పనిచేసిన నర్సు

అమ్మా, ఆ గుండీ నలపడం, పెదాలు చప్పరించడం చాలావరకు ఫిట్స్ లాగే ఉంది. కింద పడి కొట్టుకుంటేనే ఫిట్స్ అని కాదు. మెదడులో ఒక చోట మొదలై అక్కడికే పరిమితమైతే ఇలాగే ఉంటుంది. ఆ నిమిషంలో మీ మాట ఆయనకి చేరదు, తర్వాత గుర్తూ ఉండదు. పట్టుకుని ఊపకండి, పొయ్యి వైపో మెట్ల వైపో వెళుతుంటే మెల్లగా దారి మళ్లించండి చాలు. ఈసారి ఫోన్‌లో వీడియో తీయండి. మొహం, చేతులు రెండూ కనపడాలి. డాక్టరుకి పది మాటలకంటే ఆ ఒక్క నిమిషం వీడియో ఎక్కువ చెబుతుంది. ఫిట్స్ లేనప్పుడు తీసిన ఈఈజీ (తలకు తీగలు అంటించి మెదడులోని కరెంటును గీతలుగా తీసే పరీక్ష) మామూలుగా వచ్చినంత మాత్రాన ఏమీ లేదనుకోకూడదు.

దెబ్బ తగిలిన మొదటి 7 రోజుల్లో వచ్చే ఫిట్స్ వేరు, ఆ తర్వాత వచ్చేవి వేరు. మొదటి వారం మందు ఇచ్చేది ఆ వారంలో వచ్చేవాటిని ఆపడానికే. తర్వాత రాబోయేవాటిని అది అడ్డుకోలేదు. కాబట్టి "అప్పుడే మందు మానకుండా ఉంటే బాగుండేదేమో" అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

మందు మర్చిపోవడం, నిద్ర చాలకపోవడం, జ్వరం, మద్యం ఫిట్స్‌ని పిలిచి తెచ్చేవాటిలో ముందుంటాయి. వారం మాత్రలు అరలుగా పెట్టుకునే డబ్బా వాడండి. వేరే జబ్బుకి ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ఫిట్స్ ఉన్నాయని ముందే చెప్పండి. నొప్పికి ఇచ్చే ట్రమడాల్ లాంటివి ఫిట్స్‌ని రేపుతాయి. 5 నిమిషాలు దాటితే ఇంట్లోనే ఇవ్వడానికి బుగ్గలోనో ముక్కులోనో వేసే మిడజొలామ్ అనే మందు ఉంటుంది. అది మీకు అవసరమా, ఎప్పుడు ఎంత వేయాలి అన్నది డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి.

రాత్రి భయం గురించి దాచకుండా చెబుతాను. ఫిట్స్ ఉన్న పెద్దవాళ్లలో ఏడాదికి సుమారు వెయ్యిమందిలో ఒకరు హఠాత్తుగా చనిపోతారు, ఎక్కువగా నిద్రలో. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ ఎంత అదుపులో ఉంటే ఆ ప్రమాదం అంత తగ్గుతుంది. అంటే రాత్రంతా కాపలా కాయడం కంటే మాత్ర వేళకు పడటం పెద్ద రక్షణ. ఒకే గదిలో పడుకోండి, మీరూ నిద్రపోండి.

జవాబు: ఫిట్స్ ఉన్న సభ్యుడు

నేను మంచం మీద ఉండేవాడి వైపు నుంచి చెబుతాను. తెలివి వస్తున్నప్పుడు మొదట గొంతులు వినపడతాయి, మాటల అర్థం తర్వాత వస్తుంది. అప్పుడు "నేనెవరో చెప్పు, ఇవాళ ఏ వారం" అని వరసపెట్టి అడిగితే భయమేస్తుంది, ఆ భయం కోపంగా బయటపడుతుంది. మా ఆవిడ ఇప్పుడు ఒక్కటే మాట అంటుంది. "ఫిట్స్ వచ్చాయి, అయిపోయాయి, ఇంట్లోనే ఉన్నావు." అదే మాట, అదే గొంతుతో, నేను తల ఊపేదాకా. ఒక్కోసారి బట్టలు తడిసిపోతాయి. చుట్టూ మనుషులు నిలబడి ఉంటే అంతకుమించిన అవమానం లేదు. దుప్పటి కప్పి అందర్నీ బయటికి పంపండి.

బాత్రూమ్ గడియ పెట్టనివ్వకండి, కానీ దాని బదులు తలుపుకి "లోపల ఉన్నాను" అని తిప్పే పలక ఒకటి తగిలించండి. మాకు అది పనిచేసింది. స్నానం తొట్టిలో వద్దు. షవర్ కింద కుర్చీ వేసుకుని చేస్తే మేలు. ఎత్తులెక్కడం, ఒంటరిగా ఈతకు దిగడం మానాలి.

డాక్టరు గదిలో ఆయన బదులు అన్నీ మీరే చెప్పకండి. ముందు ఆయన చెప్పాలి, ఆయనకి తెలియనివి మీరు కలపాలి. నోటుబుక్కు కూడా దొంగచాటుగా రాయకండి, చూపించండి.

జవాబు: భార్యను చూసుకుంటున్న సభ్యుడు

అమ్మా, మీరు "మౌనంగా ఉండేవారు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా ఆవిడ గంటల తరబడి కిటికీ వైపు చూస్తూ కూర్చునేది. బద్ధకం అనుకున్నాను, దిగులు అనుకున్నాను. పని మొదలుపెట్టించే భాగానికే దెబ్బ తగిలిందని తెలిసేసరికి చాలా కాలమైంది. చేయగలదు, మొదలుపెట్టలేదు. "ఏమైనా చెయ్యి" అంటే కదిలేది కాదు. "ఈ తువ్వాలు మడత పెట్టు" అని చేతికిస్తే మొత్తం గుట్టంతా మడత పెట్టేది. ఒకసారికి ఒకే పని చెప్పండి, మిగతాది ఫోన్ అలారం గుర్తు చేస్తుంది.

సాయంత్రం కోపానికి అలసట కూడా కారణం కావచ్చు. దెబ్బతిన్న మెదడుకి మాట వినడం, వెలుతురు భరించడం కూడా పనే. మధ్యాహ్నం ఒక గంట చీకటి గదిలో, ఫోన్ లేకుండా పడుకోనివ్వండి. టీవీ నడుస్తుండగా మాట్లాడకండి. కోపం లేచినప్పుడు వాదించకండి, పక్క గదికి వెళ్లిపోండి, పావుగంట తర్వాత రండి. కానీ చెయ్యి లేపితే, వస్తువు విసిరితే, అది దెబ్బ వల్లే అయినా మీరు అక్కడ నిలబడాల్సిన పని లేదు. బయటికి వచ్చి ఎవరినైనా పిలవండి, డాక్టరుకి ఆరోజే చెప్పండి.

ఉద్యోగం మానకండి. ఒంటరిగా వదలడం డాక్టరుని అడిగి మొదలుపెట్టండి. ముందు పావుగంట, తర్వాత గంట, తర్వాత పూట. మీరు లేనప్పుడు పొయ్యి వెలిగించకూడదు, స్నానం చేయకూడదు. గంటకోసారి ఫోన్ చేయండి, ఎత్తకపోతే వెళ్లి చూసే పక్కింటివాళ్లు ఒకరుండాలి. నెలకు నాలుగు ఫిట్స్ వస్తుంటే మాత్రం ఆగండి, ఆ పగలు ఎవరినైనా పెట్టండి.

జవాబు: మొదట జవాబిచ్చిన సభ్యురాలు

చెల్లీ, ఇంకొక్క మాట. కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు. మావారు దెబ్బ తగిలిన నాలుగో ఏట మళ్లీ ఉత్తరం రాశారు. అయితే పాత మనిషి అచ్చంగా తిరిగి వస్తాడని ఎదురుచూస్తూ నేను చాలా ఏడ్చాను. పక్కనే ఉన్న మనిషి కోసం బెంగపడటం ఏంటని సిగ్గుపడ్డాను. అది తప్పు కాదని నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే నీకు చెబుతున్నా. వారంలో రెండు రాత్రులు ఇంకెవరినైనా ఆ గదిలో పడుకోబెట్టి నువ్వు వేరే గదిలో పడుకో.

ప్రశ్న అడిగినవారు (నాలుగు వారాల తర్వాత)

వీడియో చూపించాం. గుండీ నలపడం ఫిట్సే అన్నారు. పాత మందు మెల్లగా తగ్గిస్తూ వేరే మందు కలుపుతున్నారు. ఇంకా పూర్తిగా మారలేదు కానీ అరుపులు సగానికి తగ్గాయి. ఆ రెండు పోట్లాటల గురించి ఆయనకి క్షమాపణ చెప్పాను. ఆయనకి అవి గుర్తే లేవు. అయినా చెప్పాను.

పోయిన గురువారం మళ్లీ ఫిట్స్ వచ్చాయి. గడియారం చూశాను, తల కింద దిండు పెట్టాను, పక్కకు తిప్పాను. నోటి దగ్గరికి నా చెయ్యి వెళ్లలేదు. "అయిపోయాయి, ఇంట్లోనే ఉన్నావు" అని చెబుతూ కూర్చున్నాను. రాత్రికి ఆయన "ఎంతసేపు?" అని అడిగారు. రెండు నిమిషాల పది సెకన్లు అన్నాను. నోటుబుక్కు తీసుకుని ఆయనే రాశారు. అక్షరాలు గీత దాటి కిందికి జారాయి, తేదీ మాత్రం సరిగ్గా వేశారు.

ఉద్యోగం ఒక నెల వాయిదా అడిగాను. ఇక మా మధ్య తేలనిది బండి తాళాల సంగతి. ఇన్ని నెలలు ఫిట్స్ రాకపోతే తప్ప నడపకూడదని ఒక్కో దేశంలో ఒక్కో గడువు ఉంటుందని డాక్టరు చెప్పారు, మావారు ఒప్పుకోవడం లేదు. తాళాలు నేను దాస్తే నమ్మకం పోతుందేమోనని భయం. మీ ఇళ్లలో ఆ మాట ఎవరు, ఎలా చెప్పారు?