అరకులో వారం రోజుల యూత్ క్యాంప్: రాపెల్లింగ్, ఉపవాస ప్రార్థన రెండూ ఎలా సర్దాలి?

గుంటూరు_యూత్

అందరికీ వందనాలు. సంక్రాంతి సెలవుల్లో మా సంఘం యవనస్థుల్ని అరకు తీసుకెళ్తున్నాం. పిల్లలు 38 మంది, 13 నుంచి 22 ఏళ్ల వాళ్లు, అందులో ఆడపిల్లలు 17 మంది. పెద్దలు ఆరుగురు. టెంట్లు, తాళ్ల సామాను, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు క్యాంపు వాళ్లవే. వంట మాదే.

అనుకున్న వరస: ఆదివారం ఆరాధన అయ్యాక రాత్రి రైలు, సోమవారం విశాఖ నుంచి బస్సులో అరకు. మంగళవారం ట్రెక్. బుధవారం ఉపవాస ప్రార్థన, ఆ రాత్రి ఆల్ నైట్ ప్రేయర్. గురువారం పొద్దున 15 మీటర్ల బండ మీద రాపెల్లింగ్ (తాడు సాయంతో కిందికి దిగడం), మధ్యాహ్నం జలపాతం దగ్గర స్నానాలు. శుక్రవారం బొర్రా గుహలు. శనివారం పొద్దున బయల్దేరితే ఆదివారం ఆరాధనకు ఇంట్లో ఉంటాం.

ఈ వరసలో తప్పేమైనా ఉందా? తాళ్ల సామానులో మేం ఏం చూసుకోవాలి? బియ్యం, పప్పు ఎంత పట్టుకెళ్లాలి?

తాడు_ముడి

వందనాలు అన్నా. ముందు గురువారం సంగతి. పగలంతా తిండి లేక, రాత్రంతా నిద్ర లేక ఉన్న పిల్లల్ని పొద్దున్నే బండ అంచున నిలబెట్టకూడదు. కాళ్లు వణుకుతాయి, చెప్పింది చెవికెక్కదు, బ్రేక్ చెయ్యి (తాడు పట్టుకుని వేగాన్ని ఆపే చెయ్యి) పట్టు సడలుతుంది. రాపెల్లింగ్‌ను బుధవారానికి తెచ్చి, ఉపవాస ప్రార్థనను శుక్రవారానికి జరపండి. ఆ రోజు కూర్చుని వాక్యం వినడమే కదా. రాత్రి ప్రార్థనలో మెలకువగా ఉన్నా శనివారం బస్సులో నిద్రపోతారు. డ్రైవర్‌ను మాత్రం కూటంలో కూర్చోబెట్టకండి. విడిగా పక్క వేయించి తొమ్మిదికల్లా పడుకోమనండి, తెల్లారి దిగేది ఘాట్ రోడ్డు.

రెండోది లైను. 15 మీటర్ల బండకి, అంచున భయపడి ఆగే సమయం కూడా కలిపితే, మనిషికి ఎనిమిది నిమిషాలు వేసుకోండి. 38 మందికి 304 నిమిషాలు, అంటే అయిదు గంటల పైమాటే. ఇన్‌స్ట్రక్టర్లు ఇద్దరే కాబట్టి (ఒకరు పైన, ఒకరు కింద) నడిచేది ఒక్క తాడే. అందుకని బుధ, గురువారాల్లో పొద్దున 19 మంది చొప్పున దింపండి. మిగతా సగానికి అదే టైములో క్యాంపులో బైబిల్ స్టడీ పెట్టండి. బొర్రా గురువారం మధ్యాహ్నం చూసేయొచ్చు. తాడు మీద ఉన్న పిల్లాణ్ణి ఇద్దరు చూస్తుంటారు. లైన్లో విసుగొచ్చి అంచు దగ్గర సెల్ఫీ దిగేవాణ్ణి ఎవరూ చూడరు. పెద్దల్లో ఒకరి పని అంచుకి మూడు మీటర్ల వెనక గీత గీసి, దాన్ని ఎవరూ దాటకుండా కాయడమే.

సామాను: దిగే తాడు 10.5 లేదా 11 మిల్లీమీటర్ల స్టాటిక్ రోప్ (పెద్దగా సాగని తాడు) అయి ఉండాలి. మొత్తం తాడును చేతుల్లోంచి జారవిడుస్తూ తడిమి చూడండి. ఎక్కడైనా మెత్తగా, బోలుగా తగిలినా, పైపొర చిరిగి లోపలి తెల్లటి పోగులు కనిపించినా ఆ తాడు పక్కన పెట్టాల్సిందే. తాడు, హార్నెస్ (నడుముకి, తొడలకి కట్టే పట్టీలు) లాంటి వాటికి తయారీదారులు మామూలుగా ఇచ్చే గడువు, వాడకపోయినా సరే, పదేళ్లు. తయారైన సంవత్సరం లేబుల్ మీద ఉంటుంది. లేబుల్ చెరిగిపోయిందంటే అడగడానికి మీకు హక్కుంది. రాయి ఒరుసుకునే చోట తాడు కింద మందపాటి గోనెపట్టా గానీ, ఎడ్జ్ ప్రొటెక్టర్ గానీ ఉండాలి. పైన తాడు కట్టే ఆధారాలు విడివిడిగా రెండుండాలి. ఒకే చెట్టుకి రెండు ముళ్లు వేస్తే అది ఒక ఆధారమే.

పిల్లను దింపే ముందు: హార్నెస్ నడుము పట్టీ తుంటి ఎముకల పైన ఉండాలి, జారకూడదు. బకిల్‌లోంచి పట్టీ వెనక్కి తిప్పి దూర్చారో లేదో చూడాలి. క్యారబైనర్ (హార్నెస్‌కి తగిలించే లోహపు కొక్కెం) స్క్రూ బిగించాక గేటును వేళ్లతో నొక్కి చూడాలి, తెరుచుకోకూడదు. ఈ తనిఖీ కట్టినవాళ్లు కాక ఇంకొకరు చేయాలి. జడ చొక్కా లోపలికి, చున్నీ టెంట్‌లోకి. ఫిగర్ ఎయిట్‌లో (దిగేటప్పుడు తాడు దూర్చే 8 ఆకారపు లోహపు ముక్క) జుట్టు చిక్కుకుంటే మనిషి బరువు మొత్తం దాని మీదే పడుతుంది, లాగినా రాదు.

జలపాతం స్నానాలు నేనైతే తీసేస్తాను. పాచి పట్టిన రాయి తడిస్తే ఎంత నున్నగా ఉంటుందో కాలు పెట్టేదాకా తెలీదు. ఫొటోలు దిగి వచ్చేయండి.

గుంటూరు_యూత్

పాస్టర్ గారితో మాట్లాడాను, ఉపవాసం శుక్రవారానికి మార్చడానికి ఒప్పుకున్నారు. క్యాంపు అతన్ని రెండో తాడు (బిలే, అంటే దిగేవాళ్లకి విడిగా కట్టి పైనుంచి పట్టుకునే రక్షణ తాడు) గురించి అడిగితే, "15 మీటర్లకి అవసరం లేదు, కింద తాడు లాగి పట్టుకుంటే చాలు" అన్నాడు. నిజమేనా?

తాడు_ముడి

ఆ పద్ధతి ఉంది, పిల్ల చెయ్యి వదిలేస్తే కిందివాడు తాడు లాగి ఆపగలడు. కానీ జుట్టో, చొక్కా అంచో చిక్కి మధ్యలో ఆగిపోతే కిందివాడు చేయగలిగేదేమీ లేదు. పైనుంచి విడిగా బిలే తాడు ఉంటే, బరువు దాని మీదికి మార్చి చిక్కు తీయొచ్చు. కొత్త పిల్లలతో అది తప్పనిసరి. "ఇక్కడ ఆగిపోయిన మనిషిని ఎలా దింపుతారో ఒకసారి చేసి చూపించండి" అని అడగండి. చేసి చూపించలేకపోతే ఆ రెండు ఉదయాలూ ట్రెక్‌కి వాడుకోండి.

పెద్దవంట

44 మందికి లెక్క: ఆ వయసు పిల్లలకి పూటకి తలకి 150 గ్రాముల బియ్యం, అంటే 6.6 కిలోలు. ట్రెక్ రోజు రాత్రికి ఇంకో కిలో ఎక్కువ పొయ్యండి. కందిపప్పు తలకి 40 గ్రాములు, పూటకి 1.75 కిలోలు. ఉప్మా రవ్వ 80 గ్రాముల చొప్పున 3.5 కిలోలు. చికెన్ పెట్టే రోజు 8 కిలోలు, అదే రోజు కొని అదే పూట వండేయాలి. తాగే నీళ్లు తలకి రోజుకి 4 లీటర్లు, 20 లీటర్ల క్యాన్లు తొమ్మిది. వంట నీళ్లు వేరే. గ్యాస్ సిలిండర్ రైల్లో తీసుకెళ్లకూడదు, అక్కడే మాట్లాడుకోండి.

క్యాంపుల్లో వాంతులు పట్టుకునేది ఎక్కువగా పొద్దున టిఫిన్‌తో. రాత్రి గుండిగలో మిగిలిన అన్నం మూత పెట్టి వదిలేసి, తెల్లారి పులిహోర కలుపుతారు. అన్నంలో ఉండే ఒకరకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చటి అన్నంలో రాత్రంతా పెరిగి విషం తయారుచేస్తాయి, అది మళ్లీ వేడిచేసినా పోదు. నిమ్మకాయ పిండినా అంతే. మిగిలింది పారేయడానికి మనసొప్పదు కాబట్టి, రాత్రి వంట రెండు విడతలుగా వార్చండి. మొదటిది అయిపోతుంటేనే రెండోది పెట్టాలి.

ఉపవాసం రోజు 18 లోపు పిల్లలకి పళ్లు, మజ్జిగ ఇవ్వండి. షుగర్, మూర్ఛ మందులు వాడేవాళ్లకి ఉపవాసం వద్దు. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు నేరుగా బిర్యానీ పెట్టకుండా ముందు పల్చటి జావ పోయండి.

నర్సు_విశాఖ

నాలుగు మాటలు. జనవరిలో అరకు రాత్రి చలి పది డిగ్రీల లోపుకి దిగుతుంది. చలి కింద నేల నుంచి ఎక్కువ లాగుతుంది, కాబట్టి రెండు దుప్పట్లుంటే ఒకటి కింద వెయ్యండి. పొద్దున టెంట్ లోపల తడిగా ఉంటే కారినట్టు కాదు, అది ఊపిరి తేమే. గాలి కిటికీ మూయకండి. కుంపటి టెంట్‌లో అస్సలు వద్దు, బొగ్గు పొగకు నిద్రలోనే ప్రాణం పోతుంది.

టెంట్ జిప్పు పూర్తిగా మూయాలి. కట్లపాము నేల మీద పడుకున్నవాళ్లను రాత్రి కరుస్తుంది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు. ఎవరైనా కరిచిందంటే కొయ్యొద్దు, బిగించి కట్టొద్దు, నడిపించొద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి. కొండల్లో సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. ఎక్కడ నిలబడితే ఫోన్ కలుస్తుందో సోమవారమే చూసిపెట్టుకోండి. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి ఒకసారి వెళ్లి పాము విషానికి ఇంజెక్షన్ ఉందో లేదో కనుక్కోండి.

ఏజెన్సీలో మలేరియా ఉంది. దోమతెరలు, సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కాలు. ఇంటికెళ్లాక నెలలోపు ఎవరికి జ్వరం వచ్చినా డాక్టర్‌కి "అరకు వెళ్లొచ్చాం" అని చెప్పాలని తల్లిదండ్రులకిచ్చే చీటీలో రాయండి. ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు కట్టిన పుండు ఉంటే అదీ చూపించాలి, స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) కావచ్చు.

ఆరుగురు పెద్దల్లో ఆడవాళ్లు ఎంతమంది? 17 మంది ఆడపిల్లలకి కనీసం ఇద్దరు కావాలి, హార్నెస్ కట్టే దగ్గర ఒకరు తప్పనిసరిగా.

గుంటూరు_యూత్

ఒక్కరే ఉన్నారు, పాస్టరమ్మ గారు. ఇవాళే ఇంకో ఇద్దరు అక్కల్ని అడుగుతాను. వాళ్లు కుదరకపోతే తేదీ మారుస్తాం.