కన్యాశుల్కంలో బుచ్చమ్మ: అర్థం గురజాడదా, చదివేవాళ్లదా?

గోదారిగట్టు:
మొన్న ఆదివారం ఏడెనిమిది మందిమి కూర్చుని గురజాడ నాటకం కన్యాశుల్కం చివరి రంగం పైకి చదువుకున్నాం. గిరీశం ‘డామిట్’ అనగానే అందరూ నవ్వారు, ఒకమ్మాయి మాత్రం నవ్వలేదు. గిరీశంతో లేచిపోయిన బాలవితంతువు బుచ్చమ్మని పూనా వితంతువుల హోముకి పంపిస్తానని వకీలు సౌజన్యారావు పంతులు తేల్చేశారు కదా, మరి బుచ్చమ్మని ఎవరైనా అడిగారా అంది. మాలో పెద్దాయన ఒకరు ‘గురజాడ ఉద్దేశం అది కాదమ్మా’ అన్నారు, అంతే, మాట అక్కడితో ఆగిపోయింది. అప్పట్నుంచీ నాకు మనసు ఊరుకోవడం లేదు. రచయిత అనుకోలేదు కాబట్టి ఆ ప్రశ్న చెల్లదా?

తాటాకుపుస్తకం:
చెల్లదనను గానీ, అది ఆ అమ్మాయి ప్రశ్న, నాటకం అడిగిన ప్రశ్న కాదు. సంఘ సంస్కరణ కోసం, తెలుగు రంగస్థలానికి పనికిరాదన్న అపోహ పోగొట్టడం కోసం ఈ నాటకం రాశానని 1897 నాటి పీఠికలో గురజాడే చెప్పుకున్నారు. వితంతువుకి గుండు చేయించి మూల కూర్చోబెట్టే రోజుల్లో ఒక పిల్లని చదువుకోడానికి పంపడమంటే చిన్న సంగతా? ఇవాళ్టి కొలబద్ద పెట్టి ఆనాటి మనిషిని కొలిస్తే ఎవరూ నిలబడరు.

నాగావళి:
ఏ గురజాడ ఉద్దేశం అండీ? 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, 1909కి వచ్చేసరికి ఆయన దాన్ని ఎంత తిరగరాశారంటే దాదాపు కొత్త నాటకమే అయింది, వేశ్య మధురవాణి పాత్ర ఎంతగానో పెరిగింది. మీరు చూపించే పీఠిక మొదటి కూర్పుది, మనం చదివి నవ్వుకునేది రెండో కూర్పు! మధ్యలో పన్నెండేళ్లు. తన నాటకాన్ని తనే మళ్లీ చదువుకుంటే ఆయనకే కొత్తగా ఏదో కనపడిందన్నమాట. మరి మనకి కనపడకూడదా?

సంజెవేళ:
రచయిత చనిపోయాడు, పాఠకుడు పుట్టాడు అని ఫ్రెంచివాళ్లు 1960ల్లో అన్న మాట అందరూ చెప్తారు గానీ మన అలంకారికులు ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. మమ్మటుడు సంస్కృతంలో రాసిన కావ్యశాస్త్ర గ్రంథం కావ్యప్రకాశంలో ‘సూర్యుడు అస్తమించాడు’ అనే చిన్న వాక్యం ఉంది. అది విన్న గోవుల కాపరికి ఆవుల్ని ఇంటికి మళ్లించాలనిపిస్తుంది, బ్రాహ్మడికి సంధ్యావందనం గుర్తొస్తుంది, ప్రియుడి కోసం చూసే ఆవిడకి అతను వచ్చే వేళయిందనిపిస్తుంది. మాట ఒక్కటే, వినేవాళ్లు వేరు. అలాగని ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకోమని వదిలెయ్యలేదు, ఎవరు అంటున్నారు, ఎవరితో, ఏ సందర్భంలో, ఏ చోట, ఏ వేళ అని అన్నీ చూడమన్నారు. నాకు ఆ రెండో సగమే ముఖ్యం.

బడిపంతులు:
ఇరవయ్యేళ్లుగా పాఠం చెప్తున్నాను కాబట్టి నా భయం చెప్తాను. ‘ఎవరి అర్థం వాళ్లది’ అని ఒకసారి అన్నామా, పిల్లలు పుస్తకం తెరవడం మానేస్తారు. అందుకని నేను ఒకటే అడుగుతాను, ఆ మాట ఎక్కడుందో చూపించు అని. బుచ్చమ్మ విషయంలో మాత్రం చూపించవచ్చు. ఆవిడ గిరీశంతో లేచిపోవడానికి వెంటనే ఒప్పుకోలేదు, నువ్వు వస్తే చెల్లెలు సుబ్బికి ముసలి లుబ్ధావధాన్లుతో పెళ్లి ఆగిపోతుందని అతను నమ్మించాకే కదిలింది. అంటే చెల్లెలి కోసం అంత పెద్ద నిర్ణయం తీసుకున్న మనిషి. అలాంటి మనిషి గురించి చివర్లో నిర్ణయం జరుగుతుంటే అక్కడ సౌజన్యారావు, మధురవాణి, గిరీశం మాట్లాడతారు, ఆవిడ లేదు. ఆ అమ్మాయి ప్రశ్న గాల్లోంచి పుట్టలేదండీ, పుస్తకంలోంచే పుట్టింది.

తాటాకుపుస్తకం:
మాస్టారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను, కానీ అప్పుడది గురజాడ గొప్పతనమే అవుతుంది కదా? ఆవిణ్ణి ఆ రంగంలో లేకుండా చేసింది ఆయనే. పాఠకుడు కొత్తగా చేసిందేముంది, ఉన్నది చూశాడు.

మల్లెపందిరి:
చూడ్డానికి కూడా ఒక మనిషి కావాలి కదండీ. మా అమ్మమ్మ రేడియోలో కన్యాశుల్కం వస్తే గిరీశం మాటలకి పడిపడి నవ్వేది, బుచ్చమ్మ గొంతు వినపడగానే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. వాళ్ల మేనత్తకి పదకొండేళ్లకే భర్త పోయాడట, బతికినంతకాలం ఆ ఇంట్లో వంట చేస్తూనే ఉందట, ఎవరూ ఆవిణ్ణి ఏమ్మా అని కూడా అడగలేదట. అదే రేడియో, అదే గది, మా తాతయ్యకి అది హాస్య నాటకం. అమ్మమ్మ విన్న నాటకాన్ని తాతయ్య విననే లేదు. దాన్ని ఉత్త చూడ్డం అనడానికి నాకు మనసొప్పదు, తన దగ్గర్నుంచి ఆవిడ ఏదో తెచ్చి అందులో పెట్టింది.

గోదారిగట్టు:
వచ్చే ఆదివారం గిరీశం, బుచ్చమ్మ మాట్లాడుకునే రంగం మళ్లీ చదువుతున్నాం. పెద్దాయనకి ఇప్పుడే ఫోన్ చేశాను, వస్తానన్నారు, 1897 పీఠిక కూడా తెస్తారట. బుచ్చమ్మ మాటలు ఆ అమ్మాయే చదువుతానంది.